మర్యాదస్తుల మోటారుసైకిలు

వ్యాపార ప్రకటనల గురించి మన విమర్శకుల్లో రెండు ధోరణులున్నాయి. మొదటి ధోరణి ప్రకారం ప్రకటన అంటే అబద్ధం. పెట్టుబడిదారు తన సరుకు అమ్ముకోవడానికి ఆడే అబద్ధం గనక దాన్ని గురించి అంతకన్న ఆలోచించవలసిందేమీ లేదు, ఖండిస్తే చాలు. రెండో ధోరణి ఈమధ్య బలపడింది. దాని ప్రకారం ప్రకటన ఒక కళ. నాలుగు మాటల్లో పదిమంది మనసు పట్టేవాడు కవికి ఏం తక్కువ అని వీరి ప్రశ్న. కొన్ని కళాశాలల్లో ప్రకటనలు రాయడం పాఠ్యాంశమయింది కూడా.

ఈ రెండు ధోరణులూ ఒక చిన్న ప్రశ్నను దాటేస్తున్నాయి. ఒక ప్రకటన పనిచేసి మరొకటి పనిచేయకపోవడానికి కారణం ఏమిటి? అబద్ధమే సరుకు అమ్మగలిగితే ప్రతి అబద్ధమూ అమ్మాలి. డబ్బు పోసి ఆడించిన అబద్ధాలు ఎన్నో సరుకుతోబాటు గోదాముల్లో మూలపడ్డాయి. కళే అమ్మగలిగితే జనం నాలుకమీద ఏళ్ళ తరబడి ఆడిన ప్రకటనల వెనక ఉన్న కంపెనీలు ఆ సరుకు తయారీనే మానుకోవలసిన స్థితి రాకూడదు. వచ్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి నేను మోటారుసైకిలును ఎన్నుకోవడానికి కారణం ఉంది. సబ్బుబిళ్ళను మనిషి తొందరలో కొంటాడు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకోటి కొంటాడు. మోటారుసైకిలు సంగతి అలా కాదు. అది కొన్ని నెలల జీతం. కొనబోయేవాడు పదిమందిని అడుగుతాడు, తెలిసిన మెకానిక్‌నో బావమరిదినో వెంటబెట్టుకుని షాపుకు వెళతాడు, ఎదురింటి కుర్రాడి బండి మీద ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఇటువంటివాడి దగ్గర ఒట్టి మాట చెల్లదు. ప్రకటన శక్తి ఎంతో, ఆ శక్తికి హద్దు ఎక్కడో ఇక్కడ కనిపించినంత స్పష్టంగా సబ్బు దగ్గర కనిపించదు.

మోటారుసైకిలు ప్రకటనల చరిత్రలో అన్నిటికన్న ఎక్కువ చర్చకు గురైనది అమెరికాలో 1963లో హోండా కంపెనీ వేసిన ప్రకటన. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు అది పురాణగాథలాగా బోధిస్తారు. అందులోని మాట ఒకే ఒక్కటి. హోండా బండి మీద మీకు చాలా మంచివాళ్ళు తారసపడతారని దాని భావం.

ఈ మాట అప్పుడెందుకు పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో మోటారుసైకిలు అంటే మర్యాదస్తులకు సరిపడని వస్తువు. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న పట్టణంలో మోటారుసైకిళ్ళ పందాలకు వచ్చిన జనం తాగి అల్లరి చేశారు. ఖాళీ బీరుసీసాల మధ్య బండి మీద ఒరిగిన ఒక భారీకాయుడి ఫొటోను 'లైఫ్' పత్రిక ప్రచురించింది. ఆ ఫొటో కావాలని కూర్చోబెట్టి తీసినదన్న వివాదం ఇప్పటికీ ఉంది. నిజమేదైనా, దేశమంతా చూసింది ఆ ఫొటోనే. 1953లో మార్లన్ బ్రాండో నటించిన 'ది వైల్డ్ వన్' సినిమా అదే బొమ్మను తెరకెక్కించింది. తోలుకోటు, చెదరిన క్రాపు, లెక్కలేనితనం. ఇక గృహస్థుడు తన కూతుర్ని మోటారుసైకిలువాడితో బయటికి పంపుతాడా?

యుద్ధంలో పోరాడి వచ్చిన కుర్రవాళ్ళకు ఊళ్ళో పని దొరక్క, మామూలు బ్రతుకు రుచించక, యుద్ధంలో నేర్చిన వేగాన్ని రోడ్ల మీద వెతుక్కున్నారనే సంగతి ఆ పత్రికలకు గాని ఆ సినిమాకు గాని పట్టలేదు. యుద్ధం చేయించిన సమాజం యుద్ధం చేసినవాణ్ణి చూసి భయపడింది. ఇది కొత్తేమీ కాదు.

ఇటువంటి దేశానికి 1959 జూన్‌లో హోండా కంపెనీ వచ్చింది. కవాషిమా అనే ఉద్యోగి ఆధ్వర్యంలో లాస్ ఏంజెలిస్‌లో దుకాణం తెరిచింది. విదేశీమారకం కరువుగా ఉన్న రోజులు గనక జపాను ఆర్థికశాఖ వారికి అనుమతించింది 2,50,000 డాలర్లు. అందులో రొక్కంగా తీసుకుపోదగింది 1,10,000 మాత్రమే. వాళ్ళు అమ్మాలనుకున్నది చిన్నబండి కాదు. విశాలమైన అమెరికాలో 250, 305 సి.సి.ల పెద్ద బండ్లే అమ్ముడవుతాయని వాళ్ళ అంచనా. జపానులో ఎవరూ నడపనంత దూరం, అంత వేగంగా అమెరికా రోడ్ల మీద నడిపేసరికి ఆ పెద్ద బండ్లు నూనె కారాయి, క్లచ్‌లు పోయాయి. బాగుచేసే ఉపాయం కోసం బండ్లు విమానంలో జపానుకు తిరిగి వెళ్ళాయి. ఆ కష్టకాలంలో కంపెనీ మనుషులు సొంత పనుల మీద ఊళ్ళో తిరగడానికి వాడుకున్న 50 సి.సి. చిన్నబండి దారినపోయేవాళ్ళ కంటపడింది. ఇదెక్కడిదని అడగడం మొదలుపెట్టారు.

ఆ చిన్నబండి పేరు సూపర్ కబ్. 1958లో జపానులో విడుదలయింది. హోండా సొయిచిరో దాని యంత్రం సంగతి చూశాడు. దాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఊహించిన మనిషి ఆయన భాగస్వామి ఫుజిసావా టకెయొ. జపాను వీధుల్లో ఇంటింటికీ నూడిల్స్ మోసుకుపోయే కుర్రాడు ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని రెండోచేత్తో బండి నడపగలగాలి. అందుకని ఎడమచేతి క్లచ్ తీసేశారు. చీర కట్టినవాళ్ళు ఎక్కడానికి మన స్కూటరులో ఉన్నటువంటి ఖాళీ, గౌను వేసుకున్నవాళ్ళు ఎక్కడానికి ఇందులో పెట్టారు. కాళ్ళకు బురద తగలకుండా అడ్డురేకు, గొలుసుకు పూర్తిగా మూత. దీనికోసం 1960లో సుజుకాలో నెలకు 30,000 బండ్లు తయారుచేయగల ఫ్యాక్టరీ కట్టారు.

ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. నెలకు 30,000 బండ్లు తీసే ఫ్యాక్టరీ తోలుకోట్లవాళ్ళను నమ్ముకుని బతకలేదు. దానికి గుమాస్తాలు కావాలి, విద్యార్థులు కావాలి, గృహిణులు కావాలి, పింఛను పుచ్చుకున్న తాతలు కావాలి. 1963 ప్రకటన 1960 నాటి ఈ ఫ్యాక్టరీ అవసరం నుంచి పుట్టింది. ప్రకటనను మాత్రమే చూసేవాళ్ళు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు.

పుట్టిన తీరు మరీ విచిత్రం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రకటనల పాఠం చదువుతున్న ఒక విద్యార్థి తరగతిలో ఇచ్చిన పని కింద ఈ ఊహ రాసిచ్చాడు. అది గ్రే అనే ప్రకటనల ఏజెన్సీకి చేరింది. వాళ్ళు కొనుక్కుని హోండాకు చూపించారు. హోండాలోని పెద్దలకు దీనిమీద ఏకాభిప్రాయం లేదు. ఒకరిద్దరు ఇంకో ఏజెన్సీ తెచ్చిన పథకం వైపు మొగ్గారు. అమ్మకాల విభాగం చూసే మనిషి పట్టుబట్టి దీన్ని గెలిపించాడు. కథలో ఏజెన్సీ పేరు మిగిలింది, కంపెనీ పేరు మిగిలింది. ఆ విద్యార్థి మాత్రం సాధారణంగా 'ఒక విద్యార్థి'గానే మిగిలాడు. లక్షల బండ్లు అమ్మిన వాక్యానికి శ్రమ విలువ ఎంతో లెక్కగట్టడం అర్థశాస్త్రం అధ్యాపకులకు వదిలేస్తున్నాను.

ఇక ప్రకటనలోకి వద్దాం. తెల్లని నేపథ్యం మీద చిన్న చిన్న రంగుల బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ ఎర్రని సూపర్ కబ్ మీద ఒకరో ఇద్దరో మనుషులు. ఒక తల్లీ బిడ్డా, ఒక యువజంట, కుక్కపిల్లను ఎక్కించుకున్న మనిషి, విద్యార్థులు. ఇంజను బలం ఎంత? పెద్ద అక్షరాల్లో లేదు. వేగం ఎంత? లేదు. యంత్రం గురించి చెప్పే ప్రకటన కాదిది. మనుషుల గురించి చెప్పే ప్రకటన.

అందులోని తెలివి ఎక్కడుంది? అమెరికా గృహస్థుడికి మోటారుసైకిలు అంటే తెలియక కొనకపోవడం లేదు. డబ్బు లేక కొనకపోవడమూ లేదు. పెద్ద బండ్లు 1,000 నుంచి 1,500 డాలర్లుంటే ఈ బండి దాదాపు 250 డాలర్లు. అతన్ని ఆపుతున్నది సిగ్గు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనన్న జంకు. ప్రకటన ఆ జంకుకు నేరుగా జవాబు చెప్పలేదు. 'మావాళ్ళు రౌడీలు కారు' అని రాసి ఉంటే చదివినవాడికి ముందు గుర్తొచ్చేది రౌడీలే. నిందను తిరస్కరించడానికైనా నిందను తలచుకోవాలి గదా. ఆ ప్రకటన నిందను తలవనే తలవదు. ఆ నింద ఎప్పుడూ పుట్టనట్టు, మోటారుసైకిలు పుట్టిందే అమ్మల కోసమూ తాతల కోసమూ అన్నట్టు మాట్లాడుతుంది. మన రాజకీయ కరపత్రాలు రాసేవాళ్ళు దీన్ని గమనిస్తే మంచిది. ప్రత్యర్థి మనమీద వేసిన ప్రతి నిందనూ మొదటి పేరాలో మనమే పూర్తిగా అచ్చువేసి, తర్వాత మూడు పేజీల్లో ఖండించే అలవాటు మనకు బాగా ఉంది. చాలామంది చదివేది మొదటి పేరాయే.

కాని వాక్యం ఎంత తెలివైనదైనా అది కూర్చోవడానికి ఒక పీట ఉండాలి. అదే వాక్యాన్ని ఆనాటి హార్లే బండి కింద రాసి ఉంటే జనం నవ్వి ఉండేవారు. ఆ బండి బరువూ దాని మోతా దాని నూనె మరకలూ ఆ వాక్యాన్ని అబద్ధం చేసేవి. సూపర్ కబ్ మీద అడ్డురేకు ఉంది, గొలుసుకు మూత ఉంది, లంగా నలగకుండా ఎక్కే వీలుంది. నూడిల్స్ కుర్రాడి కోసం చేసిన ఏర్పాట్లే అమెరికా గృహిణికి మర్యాద అయ్యాయి. ప్రకటన చెప్పిన మాటకు యంత్రమే సాక్ష్యం పలికింది. పదిమందిని అడిగి కొనేవాడు అడిగిన పదిమందీ ఆ మాట కాదనలేకపోయారు.

ఇంతవరకు ప్రకటన సామర్థ్యం. దాని వర్గస్వభావం గురించి కూడా చెప్పాలి. మా తరగతిలో ఆ ఇంగ్లీషు మాటను తెనిగించమని అడిగితే చాలామంది 'మంచివాళ్ళు' అన్నారు. ఒక అమ్మాయి మాత్రం 'మర్యాదస్తులు' అన్నది. ఆ అమ్మాయిదే సరైన అనువాదం. మంచివాళ్ళంటే ధర్మం తెలిసినవాళ్ళు. ఆ ప్రకటనలోని మనుషులు దానధర్మాలు చేస్తున్నట్టు ఎక్కడా లేదు. వాళ్ళు శుభ్రంగా ఉన్నారు, నవ్వుతున్నారు, పని మీద లేరు. మన పెళ్ళి ప్రకటనల్లో 'మంచి కుటుంబం' అంటే ఏ అర్థమో అక్కడా అదే అర్థం. ఆ వాక్యం మోటారుసైకిలువాళ్ళ మీద ఉన్న నిందను తొలగించలేదు. నింద అలాగే ఉండనిచ్చి, హోండా కొన్నవాళ్ళను మాత్రం దాని కింది నుంచి తప్పించింది. తోలుకోటువాడు తోలుకోటువాడే, మేము వేరు. ఒక కొత్త కులం పుట్టించడం లాంటిది ఇది.

ఆ బొమ్మల్లో లేనివాడు ఇంకొకడున్నాడు. ఎవడి చేతికోసం ఆ క్లచ్ తీసేశారో ఆ పళ్ళెం మోసే కుర్రాడు. సముద్రం దాటేసరికి బండి నుంచి పని దిగిపోయింది. సరదా ఎక్కి కూర్చుంది.

1964లో ఆస్కార్ బహుమతుల ప్రదర్శనను టెలివిజన్‌లో ప్రసారం చేయడానికి హోండా డబ్బు పెట్టింది. ఆ ఏడాదికి అమెరికాలో అమ్ముడయిన ప్రతి రెండు మోటారుసైకిళ్ళలో దాదాపు ఒకటి హోండా. ఈ విజయానికి కారణం ఏమిటన్నదానిమీద తర్వాత పెద్ద వాదమే నడిచింది. బ్రిటిషు ప్రభుత్వం కోసం బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1975లో ఒక నివేదిక రాసింది. ఎక్కువ బండ్లు తయారుచేసేకొద్దీ ఒక్కో బండికి అయ్యే ఖర్చు తగ్గుతుంది, ఆ బలంతోనే జపానువాళ్ళు గెలిచారు, ఇదంతా ముందే వేసుకున్న పథకం అని దాని సారాంశం. 1984లో రిచర్డ్ పాస్కేల్ అనే అధ్యాపకుడు కవాషిమా తదితరులను స్వయంగా కలిసి మాట్లాడి, పథకమూ లేదు పాడూ లేదు, తప్పటడుగులు వేసి నేర్చుకున్నారని రాశాడు. నూనె కారిన బండ్ల కథ, విద్యార్థి కథ మనకు తెలిసింది ఆయన ద్వారానే. నా దృష్టిలో ఈ రెండు వాదాల మధ్య కనిపించేటంత విరోధం లేదు. లాస్ ఏంజెలిస్‌లో వాళ్ళు తడుముకున్న మాట నిజమే. కాని తడుముకోవడానికి వాళ్ళకు వ్యవధి ఇచ్చింది సుజుకా. తప్పటడుగులు అందరూ వేస్తారు. వేసి కూడా నిలబడగలిగినవాడి కాళ్ళ కింద ఏముందో చూడాలి.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఏమవుతున్నదో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. బి.ఎస్.ఎ., ట్రయంఫ్, నార్టన్ - ఈ పేర్లకు ప్రపంచమంతటా ఉన్న గౌరవం హోండాకు లేదు. వాళ్ళ ప్రకటనల్లో పందెం గెలుపులున్నాయి, వేగం ఉంది, చరిత్ర ఉంది. జపాను చిన్నబండ్ల మీద నేర్చుకున్న కుర్రాళ్ళు పెద్దయ్యాక తమ పెద్ద బండ్లకే వస్తారని యాజమాన్యాలు సంతోషించాయి. లాభాలు వాటాదార్లకు పంచుతూ పాత యంత్రాలతోనే నెట్టుకొచ్చాయి. 1969లో హోండా నాలుగు సిలిండర్ల 750 సి.సి. బండి తెచ్చింది. 1973కు బ్రిటిషు కంపెనీల శేషాలు నార్టన్ విలియర్స్ ట్రయంఫ్‌గా కలిసిపోయాయి. ఆ సెప్టెంబరులో మెరిడెన్ ఫ్యాక్టరీ మూసేస్తామని యాజమాన్యం ప్రకటిస్తే కార్మికులు ఫ్యాక్టరీని ఆక్రమించుకుని కూర్చున్నారు. లేబర్ మంత్రి టోనీ బెన్ తోడ్పాటుతో 1975లో అది కార్మికుల సహకార సంఘమయింది. బానవిల్ బండిని వాళ్ళే తయారుచేసి 1983 దాకా నడిపారు. యజమానులు వదిలేసిన చోట కార్మికులు ఎనిమిదేళ్ళు నిలబెట్టారన్నది చిన్న విషయం కాదు. కాని కొత్త యంత్రాలకు పెట్టుబడి లేనిచోట ఎంత మంచి పేరు గాని ఎంత మంచి ప్రకటన గాని ఆ ఫ్యాక్టరీని కాపాడలేకపోయింది.

మన దేశంలో ఈ చరిత్ర వేరే దారిన నడిచింది. ముందు రాయల్ ఎన్‌ఫీల్డ్. ఇంగ్లండులో రెడ్డిచ్ పట్టణపు కంపెనీ అది. తుపాకీలాగా తయారయిందని దాని పాత నినాదం, గుర్తులో ఫిరంగి. ఎన్‌ఫీల్డ్ ఆయుధాల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చిన వ్యాపారం నుంచి వచ్చిన పేరు అది. ఇంగ్లండులో ఆ నినాదానికి అర్థం పనితనం: తుపాకీ గొట్టం ఎంత నిక్కచ్చిగా తొలుస్తారో మా బండి అంత నిక్కచ్చిగా చేశామని. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై బుల్లెట్ ఇక్కడ తయారుకాసాగింది. సైన్యమూ పోలీసులూ దాన్ని వాడారు. దాంతో తుపాకీ అర్థం మారింది. మన పల్లెల్లో బుల్లెట్ చప్పుడు దూరం నుంచి వినబడితే వచ్చేది ఎస్సైగారో, కాంట్రాక్టరో, పెద్దరైతో అయి ఉండేవాడు. పనితనం చిహ్నం అధికార చిహ్నమయింది. దీనికోసం ఏ ప్రకటనల ఏజెన్సీ పనిచేయనక్కరలేదు, మన సమాజమే ఆ పని చేసిపెట్టింది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970 కల్లా ఇంగ్లీషు కంపెనీయే పోయింది. మద్రాసు కంపెనీ మిగిలింది.

మిగతా బండ్ల విషయానికొస్తే, లైసెన్సుల రోజుల్లో ప్రకటన అవసరమే లేదు. బజాజ్ స్కూటరుకు పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. వంతు వచ్చిన కాగితాన్నే లాభానికి అమ్ముకునేవారు. అల్లుడు కట్నంలో స్కూటరు అడిగేవాడు. కొనేవాళ్ళు బారులు తీరి ఉన్నప్పుడు అమ్మేవాడు నినాదాలు కట్టడు. 1980ల తొలి భాగంలో విదేశీ కంపెనీలతో కలిసి 100 సి.సి. బండ్లు చేసుకోవడానికి ప్రభుత్వం దారి ఇచ్చింది. 1984 నుంచి 1986 లోపల సుజుకి, హోండా, యమహా, కవాసాకి - నాలుగూ మన భాగస్వాములతో వచ్చేశాయి. బారులు కరిగిపోయాయి. అప్పుడు నినాదం పుట్టింది.

లూధియానా సైకిళ్ళ కంపెనీ హీరోతో హోండా కలిసి హర్యానాలోని ధారూహేడాలో 1985లో సి.డి.100 బండి తెచ్చింది. దాని ప్రకటనలో మూడు క్రియలు. తెలుగులో చెబితే: నింపు, మూసెయ్యి, మరచిపో. మనిషి లేడు, దేశం లేదు, మగతనం లేదు, మర్యాద లేదు. అంతకుముందు మనకు అలవాటయిన చాలా బండ్లు రెండు స్ట్రోకులవి. పెట్రోలులో నూనె కలపాలి. పెట్రోలు బంకు దగ్గర కొలపాత్రతో నూనె పోయించుకుని బండిని అటూ ఇటూ ఊపే దృశ్యం నలభై దాటినవాళ్ళందరికీ జ్ఞాపకం ఉంటుంది. ప్లగ్గు మసిబారితే రోడ్డుపక్కన కూర్చుని గీకాలి. ఇది నాలుగు స్ట్రోకుల బండి. నూనె కలపనక్కరలేదు, లీటరుకు 80 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పింది. అంత రాకపోయినా మిగతావాటికన్న చాలా ఎక్కువ వచ్చేది.

ఎవరు కొన్నారు? పాలవాళ్ళు కొన్నారు, పొరుగూరి బడిలో పనిచేసే పంతుళ్ళు కొన్నారు, మందుల కంపెనీ ప్రతినిధులు కొన్నారు, పంచాయితీ ఉద్యోగులు కొన్నారు. వాళ్ళకు అడ్డుగా ఉన్నది సిగ్గు కాదు. నెలాఖరున పెట్రోలు ఖర్చు, ఊరికి దూరంగా బండి ఆగిపోతే మెకానిక్ దొరకడేమోనన్న భయం. మూడు క్రియలూ సరిగ్గా ఆ రెండింటి మీదే గురిపెట్టాయి. 'నింపు' ఖర్చుకు జవాబు, 'మరచిపో' మెకానిక్‌కు జవాబు. బ్రిటిషు విమర్శకుడు రేమండ్ విలియమ్స్ ప్రకటనల మీద రాసిన ఒక వ్యాసంలో ఆశ్చర్యకరమైన మాట చెప్పాడు. ఈ సమాజం మరీ భౌతికవాదంలో మునిగిందని అందరూ అంటారు గాని నిజానికి దీనికి చాలినంత భౌతికవాదం లేదు, ఉంటే బీరును బీరుగానే అమ్మేవారు, దానితోబాటు మగతనాన్నీ స్నేహాన్నీ కలిపి అమ్మవలసిన అగత్యం ఉండేది కాదని ఆయన వాదం. ఆ కొలతతో చూస్తే 1985 నాటి ఈ ప్రకటన నేనెరిగిన మోటారుసైకిలు ప్రకటనల్లో అన్నిటికన్న నిజాయితీ అయినది. బండిని బండిగా అమ్మింది. 2001కి హీరో హోండా ప్రపంచంలో అత్యధికంగా ద్విచక్రవాహనాలు చేసే కంపెనీ అయింది. దీన్నిబట్టి ఒకటి స్పష్టం: పనిచేసే ప్రకటన అబద్ధం కానక్కరలేదు. మొదటి ధోరణివాళ్ళకు ఇది మింగుడుపడదు.

రెండో ధోరణివాళ్ళకు మింగుడుపడనిది 1989 నాటి 'హమారా బజాజ్'. లింటాస్ ఏజెన్సీ, ఆలిక్ పదంసీ చేసినది. టెలివిజన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ పాట మోగింది. ఇప్పటికీ ఒక తరంవాళ్ళు రాగంతో సహా పాడగలరు. ప్రకటనను కళగా చూడదలిస్తే అంతకన్న మంచి ఉదాహరణ మన దేశంలో దొరకదు. కాని ఆ పాట ఏ పరిస్థితిలో పుట్టింది? జపాను సాయంతో వచ్చిన బండ్లు బజాజ్ స్కూటరు కింది నేలను తొలిచేస్తున్నప్పుడు పుట్టింది. యంత్రం గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు గనక 'మనది' అన్నారు. ఆ 'మనది' అన్న స్కూటరు ఇటలీ పియాజియో కంపెనీ లైసెన్సుతో మొదలయిందన్నది అలా ఉంచండి. ఏళ్ళ తరబడి కొనేవాణ్ణి బారులో నిలబెట్టిన కంపెనీ, బారు కరగగానే అతన్ని దేశభక్తి పేరుతో పిలిచింది. జనం పాటను ప్రేమించారు, ఆదరించారు, పాడుకున్నారు. 1990ల చివరికల్లా మోటారుసైకిళ్ళు స్కూటర్లను దాటిపోయాయి. 2009లో బజాజ్ స్కూటర్ల తయారీయే మానుకుంటున్నట్టు ప్రకటించింది; 2020లో కరెంటు చేతక్‌తో గాని ఆ వైపు తిరిగి రాలేదు. ఒక ప్రకటన గుర్తుండిపోవడానికీ అది పనిచేయడానికీ తేడా తెలియనివాళ్ళు ఈ రెండు తేదీలు చూడాలి.

ఆ బజాజే 2001లో పల్సర్ మోటారుసైకిలు తెచ్చి, ఇది కచ్చితంగా మగది అన్న భావంతో 'డెఫినిట్లీ మేల్' అని ప్రకటించింది. ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? బండిలో సత్తా ఉంది: 150, 180 సి.సి.ల ఇంజను మధ్యతరగతి కుర్రాడికి అందే ధరలో అంతవరకు అరుదు. కాని ప్రకటన చెప్పింది ఇంజను గురించి కాదు. 1963 ప్రకటన కొనేవాడి మనసులో ఉన్న జంకును తీసేసింది. 1985 ప్రకటన ఉన్న భయాన్ని తీసేసింది. 2001 ప్రకటన లేని అనుమానాన్ని పుట్టించి దానికి మందు అమ్మింది. నువ్వు మగవాడివేనా అని ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఎవరడిగారు? పాలవాడూ పంతులూ బండ్లు కొనేశాక, ఇక కొత్త అవసరం కనబడనప్పుడు, కొత్త లోటును సృష్టించాలి. నాలుగైదేళ్ళు తిరక్కుండానే హీరో హోండా 'ప్లెజర్' స్కూటరు అమ్మాయిల కోసమంటూ తెచ్చింది. సరదా అంతా అబ్బాయిలకేనా అన్నది దాని నినాదం. 1963లో తల్లినీ కుర్రాణ్ణీ ఒకే బండి మీద కూర్చోబెట్టిన వ్యాపారం, ఇక్కడ మగవాడికి బలం, ఆడపిల్లకు సరదా అని రెండు దుకాణాలు పెట్టింది. మన ఇళ్ళల్లో ఉన్న విభజనను అది కనిపెట్టలేదు, నిజమే. రంగులు వేసి మళ్ళీ మనకే అమ్మింది.

ఈ మగతనానికి మూల్యం లెక్కల్లో ఉంది. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 44.5 శాతం ద్విచక్రవాహనాల మీద పోతున్నవాళ్ళు. ఇదంతా ప్రకటనల పుణ్యమేనని నేననను. రోడ్లున్నాయి, లారీలున్నాయి, బస్సు లేని ఊళ్ళున్నాయి. బస్సు ఉన్న ఊళ్ళో సగంమంది బండి కొనేవారే కారు. కాని ఎగిరి దూకే బండి బొమ్మ కింద, ఇది నిపుణులు చేసినది మీరు చేయవద్దని చీమతల అక్షరాల్లో రాయడం ఎవరి రక్షణ కోసమో ఆలోచించాలి.

'మరచిపో' అన్న క్రియ దగ్గరికి ఒకసారి తిరిగి రావాలి. ఆ మాట నిజాయితీ అయినదన్నాను, యంత్రం వరకు అది నిజం. కాని ఏ మోటారుసైకిలు ప్రకటనలోనూ బండి తయారుచేసినవాడు కనిపించడు. 2005 జూలై 25న గుర్‌గావ్‌లో హోండా మోటారుసైకిల్ అండ్ స్కూటర్ ఇండియా కార్మికులను పోలీసులు గొడ్డును బాదినట్టు బాదారు. మానేసర్ ఫ్యాక్టరీలో సంఘం పెట్టుకోవడానికీ, తీసేసినవాళ్ళను తిరిగి తీసుకోవడానికీ పోరాడుతున్న కార్మికులు వాళ్ళు. వందలమంది గాయపడ్డారు. దేశమంతా ఆ దృశ్యాన్ని టెలివిజన్‌లో చూసింది. మోటారుసైకిలు చేసే మనిషి దేశానికి మొదటిసారి ముఖం చూపించింది ఆ విధంగా. ఇప్పుడు ఆ పరిశ్రమ మన గడప దాకా వచ్చింది. సత్యవేడు దగ్గర, ఇప్పటి తిరుపతి జిల్లాలో, హీరో ఫ్యాక్టరీ 2020 నుంచి నడుస్తున్నది. అక్కడ తయారయే బండ్ల ప్రకటనలు మన తెలుగు పేపర్లలో వస్తాయి. చాలావరకు హిందీలోనో ఇంగ్లీషులోనో పుట్టి, క్రియ ఎక్కడో కర్త ఎక్కడో తెలియని తెలుగులోకి దిగుతాయి.

ఆ పేపర్లనే దసరాకో దీపావళికో తిరగేసి చూడండి. పేజీ నిండా బండి బొమ్మ, ఒక నటుడు, పైన ఏదో నినాదం. ఇవేవీ ఇప్పుడు అసలు ప్రకటన కాదు. అసలు ప్రకటన కింది మూల ఉన్న అంకె: చేతి నుంచి మొదట కట్టవలసింది ఇంత, నెలకు వాయిదా ఇంత. ఇవాళ కొనేవాడికి అడ్డుగా ఉన్నది సిగ్గూ కాదు, మెకానిక్ భయమూ కాదు, రొక్కం. ఆ అంకె సరిగ్గా ఆ అడ్డం మీదనే పనిచేస్తుంది. ఆ అంకె చూసి బండి తీసుకున్న కుర్రాళ్ళు వేలమంది హైదరాబాదులోనూ విజయవాడలోనూ విశాఖలోనూ బిరియానీ పొట్లాలు ఇంటింటికీ చేరవేస్తున్నారు. బండి వాళ్ళదే, వాయిదా వాళ్ళదే, పెట్రోలు వాళ్ళదే, కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చూ చాలావరకు వాళ్ళదే. 1958లో ఫుజిసావా మనసులో ఉన్న మనిషి వీడే. పేపరులోని బొమ్మలో బండి మీద మాత్రం ఇప్పటికీ ఖాళీ చేతులతో, ఎదురుగాలికి జుట్టెగురుతూ, ఎక్కడికీ చేరవలసిన తొందర లేనివాడే ఎక్కువగా కూర్చుంటున్నాడు.